వీరుల గుట్ట మీద మోదుగాకు

“చెప్పులేసుకొని వీరన్న ముందట నిలవడ్డవు. ఏ ఊరు నీది?”

ప్రభాకర్ చేతిలో చీపురుతో అలాగే ఆగిపోయాడు. వెనక్కి తిరిగితే, సీతాఫలాల గంప చంకన పెట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. కోపంగా ఉందో, నవ్వాపుకుంటోందో ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

“సిద్దిపేట. డిగ్రీ ఫైనలియర్. హిస్టరీ ప్రాజెక్టుకు ఫోటోలు తీస్తున్న.”

“ఫోటోకు చీపురెందుకు?”

“చెత్త ఉంటే బొమ్మ మంచిగ రాదు. రీల్‌ల ముప్పై ఆరే ఉంటయి.”

“ముందుగాల చెప్పులిడువు. తర్వాత ఎన్నైనా తీస్కో.”

విడిచాడు. విడిచాకే తెలిసింది, ఆ గుట్ట మీద ఎన్ని పల్లేరుకాయలున్నాయో.

అక్కన్నపేట దాటాక బస్సు దిగి, అడవిలో గంట నడిస్తే వీరుల గుట్ట వస్తుంది. ఎప్పుడో ఏ పోరులోనో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు అక్కడి కాలిబాటల పొడవునా ఉన్నాయి; చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటినే వీరన్న అని మొక్కుతారు. ఎన్నున్నాయో ఎవరూ రాసిపెట్టలేదు. కాలేజీలో హిస్టరీ చెప్పే కాశీనాథం సార్ తన కెమెరా ప్రభాకర్ చేతిలో పెట్టి, “దసరాలోపు లెక్క తేల్చు” అని పంపాడు.

సార్ సరైన మనిషినే పంపాడు. ఏదైనా తెలుసుకునేదాకా ప్రభాకర్‌కు అన్నం సయించదు. దారి తెలిసిన మనిషి దొరికేసరికి అతనికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

“ఈ బాట యాడికి పోతది? ఈ రాయి మీద పులి ఎందుకుంది? గా చెయ్యి ఎవలిది?”

“నువ్వు చదువుకుంటున్నవా, పోలీసు నౌకరి చేస్తున్నవా?” అందా అమ్మాయి.

ఆమె పేరు కన్యక. గుట్ట కింది ఊళ్లో మగ్గం నేసే నాగేశం కూతురు. ప్రభాకర్ తాత కూడా మగ్గం నేసినవాడేనని, తండ్రి రాధాకిషన్ సిద్దిపేటలో బట్టల దుకాణం పెట్టాడని తెలిశాక, “అంటే మేం నేస్తం, మీరు అమ్ముకుంటరు” అని ఒక చురక అంటించింది. కానీ మర్నాడు పొద్దున తానే ముందు నడిచి, మొగలిపొదల వెనక దాగిన మరో మూడు రాళ్లు చూపించింది.

మూడో రోజు వాన కురిసింది. ఇద్దరూ ఒక బండ చాటుకు చేరారు. ఎదురుగా ఉన్న రాతి మీద గాజులతో పైకెత్తిన ఒక చేయి చెక్కి ఉంది, భర్త చితిలో సతి అయిన ఆడమనిషి గుర్తుగా.

“ఆమె పేరేంది?”

“ఎవలికీ తెల్వదు. మొగని పేరు మాత్రం మా ముసలోళ్లు చెప్తరు.”

ప్రభాకర్ నోట్‌బుక్ తీశాడు గానీ ఏమీ రాయలేదు. కన్యక జడ మీద నిలిచిన చినుకులను చూస్తూ ఉండిపోయాడు. అలా చూడటం ఆమె కూడా చూసింది. “రాయి గటుంది” అని వేలు చూపించింది.

నాలుగో రోజు ప్రభాకర్ వచ్చేసరికి, తాను మొదట ఊడ్చిన రాయి దగ్గర నాగేశం ఇంకో ఇద్దరు పెద్దమనుషులతో వంగి ఏదో వెతుకుతున్నాడు. దొరకలేదు. ముగ్గురూ కిందికి దిగిపోయారు.

“ఏం పోయింది?” అని పక్కన నిలబడ్డ కన్యకను అడిగాడు ప్రభాకర్.

“మోదుగాకు,” అంది కన్యక. “మా ఇంట్ల సంబంధానికి మాటియ్యాలంటే ముందు వీరన్నను అడుగుతరు. రాయి కాడ పచ్చి మోదుగాకు పెట్టి, గాలికి పోకుంట మీద చిన్న రాయి పెడ్తరు. నాలుగోనాడు ఆకుంటే సరే అన్నట్టు. లేకుంటే వద్దన్నట్టు.”

“ఎవలి సంబంధం?”

“నాదే. బొంబాయి దిక్కు భీవండిల పిలగాడు. పవర్‌లూమ్ నడుపుతడట. ఇగ బాపు వద్దని కబురు పంపుతడు.”

ప్రభాకర్ రాయి పక్కనున్న పొదవైపు చూశాడు. ఎవరో తిని పడేసిన ఆకు అనుకుని, దాన్ని పొదలోకి ఊడ్చింది తనే.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనతో తానే వాదించుకున్నాడు. నోరు మూసుకుంటే భీవండి సంబంధం పోయినట్టే. చెబితే కన్యక భీవండి పోవచ్చు. కన్యక తనకు కావాలి, అది మాత్రం ఖాయం. కానీ ఒక తండ్రి నమ్మకాన్ని చీపురుతో ఊడ్చేసి, ఆ ఇంటి పిల్లను ప్రేమించానని ఏ మొహంతో చెప్పాలి?

మర్నాడు గుట్టెక్కకుండా నేరుగా నాగేశం ఇంటికి వెళ్లాడు. ఆయన్ను ‘కాకా’ అందామంటే కన్యక చెల్లెలి వరస అవుతుంది, ‘మామా’ అందామంటే నోరు రాలేదు. చివరికి ఏ పిలుపూ లేకుండానే మొదలుపెట్టాడు. మూలన కూర్చుని కండెలకు నూలు చుడుతున్న కన్యక వద్దన్నట్టు తల ఊపింది. అతను ఆగలేదు.

“ఆకును వీరన్న తియ్యలె. తెల్వక నేను ఊడ్చిన. తప్పైంది.”

నాగేశం మగ్గం ఆపాడు.

“తెల్వక చేసినవు, నిన్నేమంట,” అన్నాడు. “కబురైతే పంపిన. మల్లొకసారి ఆకు పెట్టాలె. ఉంటే, పోయి వాళ్లను బతిలాడుకోవాలె.”

“వద్దు బాపు.” కన్యక చేతిలో రాట్నం ఆగింది. “ఆయన ఊడుస్తుంటే నేను చెట్టెనుకనుంచి చూసిన.”

ప్రభాకర్ నోరు తెరిచాడు. చెప్పుల గురించి అంత గొడవ చేసిన మనిషి ఆకు గురించి ఒక్క మాట అనలేదు.

“చూసి చెప్పకపోతివేంది?” అన్నాడు నాగేశం.

“చెప్తే మల్ల పెడ్తువు. నాకు భీవండి పోవుడు ఇష్టం లేదు బాపు. నువ్వు రాయిని అడిగినవు. నన్ను అడగలె.”

ఆ మాట నాగేశానికి ఎక్కడో తగిలింది. లేచి వచ్చి కూతురి పక్కన నేల మీదే కూర్చున్నాడు.

“నిజమే బిడ్డా. ఇప్పుడడుగుతున్న, చెప్పు. ఎట్లాంటోడు గావాలె?”

కన్యక తల దించుకుంది. నూలు పోగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

“చెప్తే నష్టమని తెలిసి గూడ వచ్చి చెప్పేటోడు,” అంది.

ప్రభాకర్‌కు చెవులు వేడెక్కాయి. నాగేశం అతనివైపు తిరిగి, కాళ్ల నుంచి తల దాకా తీరిగ్గా చూశాడు.

“మీ బాపు దుకాణం ఏ రోజు బందుంటది?”

“శుక్రవారం.”

“శుక్రవారం తోల్కరా. మాట్లాడుదాం.”

లోపలినుంచి అంతా వింటున్న కన్యక తల్లి విమలమ్మ కేకేసింది. “అట్లనే పంపకున్రి. చాయ పెట్టిన.”