హొసతొడకు ముందు రోజు

"ఇదేందప్పా?"

బాగేపల్లి హైవే పక్కన, మాంసం భోజనానికి పేరున్న పాపన్న మిలిటరీ హోటల్. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రూప, ఆ అబ్బాయి బల్ల మీద పెట్టిన రేకు డబ్బాను వేలితో తట్టి చూసింది.

"చికెన్ మేడం. ఉడికించి సీల్ చేసినారు. ఏడాదైనా చెడిపోదు."

"ఏడాది కిందట చచ్చిన కోడా? మా కస్టమర్లు ఏం పాపం చేసినారు?"

"మీది మిలిటరీ హోటల్ కదా మేడం. మిలిటరీలో ఇట్లాంటివే తింటారంట."

వంటింట్లో ఎవరో గట్టిగా నవ్వారు. రూప మాత్రం నవ్వలేదు. "నువ్వు తిన్నావా? రుచి ఎట్లుంటాది చెప్పు."

అబ్బాయి తల గోక్కున్నాడు. "నేను తినను మేడం. మా నాయన గుళ్ళో అర్చకులు."

ఈసారి రూప కూడా నవ్వింది. నవ్వి, డబ్బాను అతని చేతిలోనే పెట్టి పంపించింది.

అతని పేరు సుధన్వ. చిక్కబళ్ళాపురంలో ఒక కోల్డ్ స్టోరేజ్ కంపెనీకి సేల్స్ చూస్తాడు. కంపెనీ బటానీ, మొక్కజొన్నలతో పాటు గడ్డకట్టిన చికెన్, మటన్, డబ్బా మాంసం కూడా అమ్ముతుంది. ఇంట్లో మాత్రం అతను బటానీ సంగతి ఒక్కటే చెప్పాడు.

వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చాడు. ఈసారి రూప అతన్ని పంపలేకపోయింది.

ఉగాది మరుసటి రోజు హొసతొడకు. ఆ రోజు ఈ పక్క ఊళ్ళలో మాంసం ఉడకని పొయ్యి ఉండదు. హోటల్‌కు అంతకంటే పెద్ద రోజు లేదు. కానీ పోయిన ఏడాది మటన్ అంగడి మునికృష్ణప్ప చేతులెత్తేశాడు. ఊరంతా తన అంగడి ముందే నిలబడితే హోటల్‌కు ఎక్కడి నుంచి తెచ్చేది అన్నాడు. వచ్చినవాళ్ళంతా తిట్టుకుంటూ వెనక్కి పోయారు.

"ఈ తూరి కూడా అట్లయితే, ఈ జాగా పెట్రోల్ బంకు వాళ్ళకు ఇచ్చేస్తా," అని పాపన్న కూతురికి ముందే చెప్పాడు. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి ఆయన పొయ్యి దగ్గర నిలబడలేడు. హోటల్ రూప చేతిలో ఉంది. అది పోతే ఏం చేయాలో రూప ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించడం ఇష్టం లేదు.

"డబ్బాలు వద్దు. గడ్డకట్టిన మటన్ ఇయ్యి. హొసతొడకుకు నిలబెడతావా?"

"నిలబెడతా మేడం. ముందు రోజు ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాల, మెల్లగా కరుగుతాది. అంతే."

కంపెనీ ఫ్రీజర్ వచ్చింది. అది చల్లగా ఉందో లేదో చూడడానికి సుధన్వ ప్రతి వారం వచ్చేవాడు. అది చల్లగానే ఉండేది. అతను మూత తెరిచి, లోపల ఒకసారి, రూప వైపు రెండుసార్లు చూసి, మూత వేసేవాడు.

ఒక సాయంత్రం ఎండాకాలపు మామిడి వాన పట్టుకుంది. అతను వసారాలో ఇరుక్కుపోయాడు. రూప కాఫీ తెచ్చి ఇచ్చింది. అతను లోటా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"దాంట్లో మటన్ లేదులే, తాగు."

"అది కాదు. తాగేస్తే పోవాల్సి వస్తాది కదా అని చూస్తాండా."

రూప వాన వైపు తిరిగి నిలబడింది. వాన తగ్గకుండా ఉంటే బాగుండునని ఆమెకు కూడా అనిపించింది. పైకి మాత్రం, "చల్లారిపోతాది," అంది.

ఉగాది రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"పండగ శుభాకాంక్షలు మేడం. మటన్ ఫ్రిజ్‌లోకి మార్చినారు కదా?"

రూప చేతిలో ఒబ్బట్టు అట్లే ఉండిపోయింది. "ఈ పొద్దు ఉగాది. మాంసం ఎట్ల ముడతాము?"

"ముందు రోజు మార్చాలని చెప్పినా కదా!"

"ముందు రోజు పండగని నీకు తెలీదా?"

"పండగని తెలుసు. పండగ పూట మీరు మాంసం తినరని కూడా తెలుసు. ముట్టను కూడా ముట్టరని తెలీదు. మీరు రోజూ తినేవాళ్ళు కదా అనుకుంటి."

"రోజూ తినేవాళ్ళమైతే మాకు నియమాలుండవా?"

"తప్పయిపాయె మేడం."

"రేపు తెల్లారి నీళ్ళలో వేస్తే?" అని రూప అడిగింది.

"పైన చెడిపోతాది, లోపల రాయి మాదిరి ఉంటాది. పనోళ్ళు ఎవరూ లేరా?"

"అందరూ ఊళ్ళకు పోయినారు. ఉన్నా ఈ పొద్దు ముట్టరు."

"నేను వస్తా."

వచ్చాడు. కొత్త పంచె, నుదుట బొట్టు, బైక్ మీద దుమ్ము. నేరుగా ఫ్రీజర్ దగ్గరికి పోయి పంచె ఎగగట్టాడు. పాపన్న కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు.

"ఆగప్పా. మా నియమం నిలుపుకునేదానికి అయ్యోరింటి బిడ్డ నియమం చెడగొట్టేదా? అదేం న్యాయం? పోతే పోనీ హోటల్."

రూప తల వంచుకుంది. ఆమె కూడా పొద్దుటి నుంచి అదే అనుకుంటోంది.

"మీకు ఈ ఒక్క రోజు కూడదు," అన్నాడు సుధన్వ. " మాకు ఏ రోజూ కూడదు. అయినా నేను రోజూ ముడుతూనే ఉండాను. చెడేది ఎప్పుడో చెడింది. ఇంట్లో చెప్పలేదు, అంతే. ఈ పొద్దు ముట్టుకుంటే కొత్తగా పోయేదేమీ లేదప్పా. ముట్టుకోకపోతే మీ హోటల్ పోతాది."

పాపన్న అతని ముఖంలోకి చూశాడు. కర్ర గోడకు ఆనించాడు. "మూత నేను పట్టుకుంటా. నీ ఒక్కడి మీద వేసేది బాగుండదు."

ఆయన మూత ఎత్తి పట్టుకున్నాడు. రూప ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుంది. సుధన్వ మంచు గడ్డల్లాంటి పొట్లాలు మోస్తుంటే జేబులో ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు. రూప తీసి అతని చెవి దగ్గర పెట్టింది. అతని తల్లి లలితాంబ గొంతు బయటికే వినిపించింది.

"యాడుండావు సుధన్వా? పంచాంగం చదివే పొద్దాయె. మీ నాయన అడుగుతాండారు."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"బాగేపల్లిలో ఉండానమ్మా. ఒక హోటల్లో మటన్ సర్దుతాండా."

"బటానీ కదరా మీ కంపెనీ?"

"బటానీ కూడా అమ్మా."

"పండగ పూట, ఎవరి కోసం?"

"ఈ ఫోన్ పట్టుకోనుండే అమ్మాయి కోసం."

లలితాంబ ఫోన్ పెట్టేసింది. రూప చెయ్యి ఇంకా అతని చెవి దగ్గరే ఉంది.

"ఏం మనిషివి నువ్వు? నాకు చెప్పకుండా ముందు మీ అమ్మకు చెప్తావా?"

"నువ్వు వింటాండావు కదా."

"నేనూ వింటాండా," అన్నాడు పాపన్న. "మూత బరువుగా ఉండాది. తొందరగా కానీయండి."

మరుసటి రోజు తెల్లారేసరికి మాంసం మెత్తగా కరిగింది. పనివాళ్ళు పొద్దున్నే వచ్చేశారు. పదిన్నరకే రాగి ముద్ద, మటన్ సారు వాసన రోడ్డు దాకా పోయింది. కార్లు వరస కట్టాయి. మధ్యాహ్నానికి గుండిగలు అడుగంటాయి. ఒక్కరూ వెనక్కి పోలేదు.

"బంకు వాళ్ళకు రావద్దని చెప్తాలే," అని పాపన్న ఎటో చూస్తూ అన్నాడు.

రూప తలూపింది. అంత సంతోషంలోనూ ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. సుధన్వ రాలేదు. ఫోన్ కూడా లేదు.

ఎండ దిగే వేళ ఒక ఆటో ఆగింది. సుధన్వ దిగాడు. వెనకే పట్టుచీర కట్టుకున్న ఒకామె దిగింది. ఆమె హోటల్ లోపలికి రాలేదు. రోడ్డు అంచున నిలబడింది. పాపన్న కుంటుకుంటూ పోయి కుర్చీ వేసి వచ్చాడు.

రూప ఎలా ఉందో అలాగే బయటికి పోయింది. చేతులకు మసాలా, కొంగుకు పొగ వాసన. కాళ్ళకు దండం పెట్టాలో, దూరంగా నిలబడాలో తెలియలేదు.

"ఫోన్ పట్టుకునింది నువ్వేనా?"

"నేనే అమ్మా."

"వీళ్ళ నాయన నిన్నటి నుంచి మాట్లాడలేదు. ఎప్పుడు మాట్లాడతారో తెలీదు. ఒక మాట అడుగుతా. మా ఇంటికి వస్తే ఈ హోటల్ వదిలేస్తావా?"

సుధన్వ ఏదో చెప్పబోయాడు. లలితాంబ చెయ్యి ఎత్తి ఆపింది.

ఔనంటే అంతా సులువైపోతుంది. రూపకు ఆ సంగతి తెలుసు. వెనక్కి తిరిగి, ఖాళీ అయిన గుండిగలను కడుగుతున్న పనివాళ్ళను చూసింది.

"వదలనమ్మా," అంది.

లలితాంబ కుర్చీ నీడలోకి జరుపుకుని కూర్చుంది.

"అట్లయితే చేతులు కడుక్కొని రామ్మా. మాట్లాడాల్సింది చానా ఉండాది. నిదానంగానే కడుక్కో. నేను ఈడే ఉంటా."