నారాయణమ్మ మలుపు

కుందుర్పి దిక్కు పల్లెల నుంచి రాయదుర్గం పోయే అడ్డదారిలో, వంక ఇసుక దాటి తారు రోడ్డెక్కగానే ఒక మలుపు ఉంది. చీకటి పడ్డాక ఆ మలుపు పేరెత్తరు. గుండెనొప్పితో ఆసుపత్రికి పోతూ నారాయణమ్మ ప్రాణం వదిలింది అక్కడే. అప్పటి నుంచి వచ్చే పోయే జీపుల ఇరుసు పట్టుకుని లాగుతుందని చెప్తారు.

విచిత్రమేమంటే, బైకుల జోలికి పోదు. గొర్రెల కాపరులను పల్లెత్తు మాట అనదు. ఆమె కోపమంతా జీపుల మీదే. ఉండదా మరి... ఆ రాత్రి జీపు నడిపింది ఆమె మొగుడు బయ్యన్నే.

ఆ తర్వాత బయ్యన్న ఆ దారి తొక్కలేదు. ఎంత దూరమైనా చుట్టు తిరిగే పోయేవాడు. కానీ కూతురు ఇంద్రాణికి నొప్పులొచ్చిన రాత్రి చుట్టు తిరిగే టైము లేదు. అంబులెన్సు ఇసుకలోకి దిగనంది. ఊళ్లో సగం మందికి పురుడు పోసిన మస్తానాబీ కూడా, నెత్తురు ఆగడం లేదు, ఇది నా చేతుల్లో లేదు అనేసింది.

ఇద్దరినీ వెనక ఎక్కించుకుని వంకలోకి దిగాడు. గేరు పక్కనున్న చిన్న లివరు ముందుకు తోశాడు. ఇంజను బలం ముందు చక్రాలకూ అంది, నాలుగూ కలిసి జీపును ఇసుక దాటించాయి. తారు రోడ్డెక్కి స్టీరింగు తిప్పాడో లేదో —

గర్ర్... టక్... టక్...

అదే చప్పుడు. ఆ రాత్రి విన్నదే. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు జీపు ముందుకు పోనంటోంది. ఆ రాత్రి ఇరుసు విరిగిందనుకుని, జీపు ఆపేసి, సాయం కోసం కాలినడకన పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి నారాయణమ్మ ఒళ్లు చల్లబడిపోయింది.

“వదులే...” అన్నాడు. “నీ కూతురే ఇది.”

టక్... టక్...

యాక్సిలరేటర్ వదిలాడు. చప్పుడు ఆగలేదు. క్లచ్ తొక్కాడు. ఆగలేదు. అంటే ఇంజను కాదు. స్టీరింగు నిటారుగా పెడితే తగ్గింది... తిప్పితే మళ్లీ మొదలు. మనసు పెళ్లాన్ని బతిమాలుతుంటే చేతులు వాటి పాటికవి వెతుకుతున్నాయి.

చెయ్యి చిన్న లివరుకు తగిలింది. అది ఇంకా ముందుకే ఉంది.

జీపు కొన్నప్పుడు మెకానిక్ జమాల్ సాబ్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇసుకలో చక్రాలు జారుతాయి కాబట్టి పర్వాలేదు, గట్టి రోడ్డు మీద మాత్రం లివరు ఎనక్కి తియ్యకపోతే మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి పీక్కుంటాయి అన్నాడు. బయ్యన్న లాగాడు. రాలేదు. బిగుసుకుపోయింది.

కొంచెం రివర్సు పోతే వదులవుతుంది. కానీ వెనక... ఆమె పోయిన చోటు. చూడలేదు. కళ్లు మూసుకునే వెనక్కి పోనిచ్చాడు.

టప్.

లివరు వచ్చేసింది. మలుపు తిరుగుతుంటే జీపు కింద ఒక్క చప్పుడు లేదు.

“వదిలేసింది తమ్ముడా,” మస్తానాబీ ఏడ్చింది. “మీ ఆడమనిషి వదిలేసింది.”

“ఆయమ్మ పట్టుకోలేదక్కా,” అన్నాడు బయ్యన్న. “ఆ పొద్దు కూడా... నేనే లివరు తియ్యలేదు.”

ఇంద్రాణి మూలిగింది. “నాయనా... బిన్నా, తొందరగా పో.”

పోయాడు. తెల్లారేలోపు తల్లీ బిడ్డా దక్కారు.

మర్నాడు రాత్రి బయ్యన్న ఖాళీ జీపుతో ఒక్కడే ఇంటికి బయల్దేరాడు. మలుపు దగ్గర ఇంజను ఆపి చెవి ఒగ్గాడు. గాలి తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్లూ భయపడ్డాడు గానీ, ఆమె అక్కడ ఉందనైనా అనుకున్నాడు. ఇప్పుడు అదీ లేదు. అది తట్టుకోలేకపోయాడు.

ఇంజను స్టార్టు చేశాడు. చిన్న లివరు ముందుకు తోసి, స్టీరింగు నిండా తిప్పాడు.

గర్ర్... టక్... టక్...