దిద్దిన పిలుపు

కాకినాడ జ్ఞాపకాగారంలో ఆ ఉదయం ఒకాయన తన పెళ్లిరోజు జ్ఞాపకాన్ని తోడల్లుడి ముడి నుంచి విడిపించమని గొడవ పడుతున్నాడు. వెనక కూర్చున్న దమయంతికి అదేమీ వింతగా తోచలేదు. ఇళ్లలోని తలపుటద్దాలు పట్టుకున్న ప్రతి క్షణమూ ఇక్కడే భద్రమవుతుంది. నకళ్లు మాత్రం నిషిద్ధం. వెనకటి తరం ఒక్కో జ్ఞాపకానికి పదేసి నకళ్లు దాచుకుంటే ఊరి కరెంటంతా వాటికే పోయి, నడివేసవిలో ఫ్యాన్లు ఆగిపోయాయట. అప్పటి నుంచి జ్ఞాపకం ఒక్కటే ఉండాలి, అది కావాలన్నవాళ్లు దానికే తమ పేరున ముడులు ఎన్నయినా వేసుకోవచ్చు.

వంతు రాగానే ముడికర్త నల్లటి తెర వైపు తిరిగి, "ఏ జ్ఞాపకమండీ?" అని అడిగింది.

"మా అన్నయ్య శశిభూషణ్‌దండీ. నేను డాబా మీద బట్టలారేస్తుంటే కిందనుంచి నన్ను పిలుస్తాడు. మా వదిన పేరున ఉంది."

శశిభూషణ్ పోయి ఏడాది అయింది. తలపుటద్దం ఇంటికొచ్చిన కొద్దిరోజులకే జబ్బుపడ్డాడు. చెల్లెల్ని పిలిచిన గొంతు ఆ ఒక్క జ్ఞాపకంలోనే మిగిలింది. అతనికి నత్తి. "ద... ద... దమయంతీ" అనేవాడు. వీధిలో ఎవరైనా నవ్వితే ఆమె రాయి పుచ్చుకుని వెంటపడేది. ఇప్పుడు వదినకు మళ్లీ పెళ్లి మాటలు నడుస్తున్నాయి. పాతవన్నీ చెరిపేస్తుందేమోనని దమయంతి భయం.

"చూపు ముడి వేస్తే మీ దగ్గరుండేది దారి ఒక్కటేనండి. ఆవిడ చెరిపేస్తే ఆ దారి ఎక్కడికీ పోదు. గట్టి ముడైతే ఇద్దరి పేర్లూ సమానం. ఆవిడ చెరిపినా మీ పేరున్నంతకాలం జ్ఞాపకం పోదు."

"గట్టిదే వెయ్యండి."

"ఒక్కమాట వినండి. పేర్లు రెండైనా వస్తువు ఒక్కటే. ఎవరు దిద్దినా..."

దమయంతి తలూపింది గానీ చెవిన పెట్టలేదు. చెరగదన్న మాట చాలు ఆమెకు. వదిన కౌముది సమ్మతి వెంటనే వచ్చింది. ముడికర్త వదిన పేరు ముందూ దమయంతి పేరు తరవాతా కొట్టి, ముడి వేసేసింది.

వానలు మొదలయ్యాక ఒకనాడు దమయంతి కాఫీ పట్టుకుని తలపుటద్దం ముందు కూర్చుంది.

"దమయంతీ," అన్నాడు అన్నయ్య, తడుముకోకుండా.

ఎవరో వీధిలోంచి పిలిచారనుకుని ఆమె గుమ్మం వైపు చూసింది. అద్దంలో మళ్లీ విన్నది. కాఫీ అక్కడే వదిలేసి వదిన ఇంటికి వెళ్లింది.

కౌముది బెండకాయలు తరుగుతోంది.

"వదినా, అన్నయ్య నత్తి ఏం చేశావ్?"

కౌముది కత్తిపీట పక్కకు జరిపింది. "దిద్దించాను. ఆయనే అడిగారే. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, పోయాకైనా నన్ను తిన్నగా మాట్లాడనీ అన్నారు. నీది నీకు వేరే ఉందనుకున్నాను."

"పాతది తెప్పించలేమా?"

"అడిగాను. పాతది దాచడమంటే నకలేనటగా." కౌముది తలదించుకుంది. "నన్ను పిలిచినవి కూడా అన్నీ దిద్దించేశాను. ఇప్పుడు వినబుద్ధి కావట్లేదు."

దమయంతి వదిన మీద కోప్పడదామనే వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పైగా వదిన చేసింది అన్నయ్య అడిగిన పనే. దుఃఖం మాత్రం ఆగలేదు. చాలాసేపు ఏడ్చి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఎలా పిలిచేవాడో నీకు గుర్తుందా?"

కౌముది అనుకరించి చూసింది. "ద... దమయంతీ."

"అలాక్కాదు. మధ్యలో ఊపిరి పీల్చేవాడు."

"ద..." కౌముది ఆగి, ఊపిరి పీల్చుకుంది. "ద... దమయంతీ."

"వస్తున్నానన్నయ్యా," అంది దమయంతి.