గాజు బుడగ

"నీళ్లు మారాయా?"

"గిన్నె మాత్రం అదే."

కోడ్ సరిపోయింది. గ్యాస్ మెకానిక్ చొక్కాలో వచ్చిన ఏజెంట్ చీమకి బాస్ ల్యాబ్ తలుపు తీశాడు.

నిలువెత్తు అయస్కాంతం పక్కన, దుప్పటి కింద కెమిస్టు శవం. చీమకి బావ. సొంత అక్క మొగుడు.

"నైట్రోజన్ వాల్వ్ తిప్పి బయట గడియ పెట్టారు. ఊపిరాడక పోయాడు," అన్నాడు బాస్. "శత్రు ముఠాలోంచి మనవైపు వచ్చినవాడికి పదింటికి ఎమ్మారై స్కాన్. తలలో గడ్డ. వాడు బతికి నోరు విప్పితే ముఠా అంతా దొరుకుతుంది. స్కాన్‌లో గడ్డ కనబడ్డానికి వాడికి ఎక్కించే మందుని మీ బావ పరీక్షిస్తున్నాడు. అది తేలేదాకా అక్కకి చెప్పకు."

"వేరే మందు తెప్పించొచ్చుగా సార్?"

"సాయంత్రమవుతుంది. అందాకా ఉంటాడో లేడో."

తలుపు దగ్గర సెంటు వాసన. పట్టు స్కార్ఫ్, ఎర్రటి గోళ్లు. నెమలి. ముఠాలో మనం నాటిన డబుల్ ఏజెంట్.

"మందు మంచిదే," అంది నెమలి. "నిన్న ఆయన కొలుస్తుంటే పక్కనే ఉన్నా. ఇదిగో గ్రాఫ్. ఈ ట్యూబులో ఉన్నది ఆ శాంపిలే."

బాస్ ఆసుపత్రికి ఫోన్ కలిపి, సూది సిద్ధం చేయమన్నాడు. చీమ ఆ ట్యూబు వంకే చూస్తోంది. అడుగు నుంచి సగం దాకా మందు, అంతే.

"ఆగండి సార్. ఇది బావ చేతిది కాదు."

బావ ప్రతి శాంపిల్‌నీ గోళీ అంత గాజు బుడగలో మూసి, దాన్ని ట్యూబులో దింపేవాడు. బుడగ తనే ఊదేవాడు. వేళ్లు కాల్చుకునేవాడు. గుండ్రంగా లేకపోతే అయస్కాంతం అబద్ధమాడుతుందనేవాడు.

చీమ మీట నొక్కింది. గాలి బుస్సుమంది. అయస్కాంతం నోట్లోంచి ఒక ట్యూబు పైకి తేలింది. అందులో బుడగ. హంతకులు లోపల చూడలేదు.

దాన్ని మళ్లీ దించి, కొలత మొదలుపెట్టింది.

ఆ మందులో గడోలినియం ఉంటుంది. విషలోహం. దాన్ని ఒక అణువు పంజరంలా పట్టి ఉంచుతుంది. సందులోంచి ఒక్క నీటి అణువే లోహానికి అతుక్కుని, వదిలి, ఇంకోదానికి చోటిస్తుంది. ఆ మార్పిడి వేగమే బావ జీవితమంతా కొలిచింది. పంజరం విరిగితే నీళ్లు గుంపుగా ఎగబడతాయి. అప్పుడు తెర మీద గీత జరిగిపోతుంది.

గీత తెర అంచుదాకా జరిగింది.

"కల్తీ సార్. ఆపమనండి."

నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసి ఫోన్ వైపు దూకింది. చీమ ఆమె మోచెయ్యి పట్టి పక్కకి లాగింది. పిస్తోలు వేళ్లలోంచి ఊడిపోయి అయస్కాంతానికి ఠంగున అతుక్కుంది.

"ఆపు!" బాస్ ఫోన్‌లో అరిచాడు. "సూది తియ్యి!"

అవతల నర్సు గొంతు: "తీసేశాను సార్. ఇంకా నొక్కలేదు."

బాస్ ఫోన్ పెట్టేశాడు. నెమలి చేతులకి బేడీలు పడ్డాయి.

"ఒక్క బుడగకి దొరికిపోయానా?" అంది.

"నిన్న పక్కనే ఉన్నానన్నావు," అంది చీమ. "ఆయన చేతులు చూడలేదన్నమాట."

సాయంత్రం వేరే మందు వచ్చింది. అందాకా రోగి ప్రాణం నిలిచింది. చీమ ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, మీ బావ నిన్నట్నుంచి ఇంటికి రాలేదు. మళ్లీ బుడగలు ఊదుతూ కూర్చున్నాడా?"

జేబులో వేసుకున్న బావ గాజు బుడగ చల్లగా వేళ్లకి తగిలింది.

"వస్తున్నానక్కా," అంది చీమ. "చివరిది మాత్రం బాగా కుదిరింది."