వరండా చివరి తెలుపు

ఆ పొద్దున తల్లి దీపాలను చూస్తోంది, కూతురు తల్లిని చూస్తోంది, తండ్రి చల్లారిపోతున్న కాఫీని చూస్తున్నాడు.

దర్జీ పనిచేసిన ఆ తల్లి కళ్ల గురించి వీధిలో గొప్ప కోతలుండేవి. చీకటిగదిలో రెండు నల్లదారాలిస్తే ఏది ఎక్కువ నలుపో చెప్పి, వాటికి రంగద్దినవాడు ఆరోజు అన్నం తిన్నాడో లేదో కూడా చెప్పేదట! ఇప్పుడా కళ్లు ఆరిపోతున్నాయి. మందు లేదన్నారు. ఉన్నన్నాళ్లైనా అమ్మ వెలుగులో తిరగాలని, స్టేజీ దీపాలమర్చే కూతురు హాలు చుట్టూ, వరండా కొసదాకా ఎల్‌ఈడీ పట్టీ అంటించింది. దాన్లో ఏ దీపపు చుక్కకు ఏ రంగు చెబితే ఆ రంగే వెలుగుతుంది.

"అంతా తెలుపే పెట్టానమ్మా. ఎలా ఉంది?"

తల్లి కుర్చీలోంచి మాత్రమే వరండా చివర కనిపిస్తుంది. "ఇక్కడ తెలుపే. ఆ చివర ఎర్రబారిందే."

కూతురి మొహం వాడిపోయింది. "అయిపోయింది నాన్నా. అమ్మకి రంగులు కూడా తెలియట్లేదు."

బస్సు డ్రైవరుగా రిటైరైన తండ్రి లేచి పట్టీకి కరెంటిచ్చే తీగ ముట్టుకుని, చురుక్కుమంటే చెయ్యి లాక్కున్నాడు.

"కొంప తగలెడతావా? నా బస్సింజనే నయం, దీనికన్నా చల్లగా ఉండేది!"

"హారన్ కొట్టడం తప్ప నీకేం తెలుసు?"

ఆయన ప్లగ్గు పీకేశాడు. కూతురు తలుపు విసిరికొట్టి తనింటికి వెళ్లిపోయింది. ఇద్దరిదీ ఒకే మొండితనం. వానాకాలం వచ్చి పోయినా పలకరింపుల్లేవు.

ఒకనాడు ఫోనులో, ఆ పొద్దున తల్లి కుర్చీ పక్కనుంచి తాను తీసిన ఫొటో కూతురి కంటబడింది. వరండా చివర నిజంగానే ఎరుపు! అమ్మకు చూపించాలన్న తొందరలో ఒక్క కొసనుంచే, సన్నతీగతో కరెంటిచ్చింది. ఆ తీగ వేడెక్కింది; అంత పొడవున పోనుపోను కరెంటు బలం తగ్గి చివరి దీపాలు రంగు మారాయి.

పరుగున వచ్చింది. "నాన్నా, అమ్మ సరిగ్గానే చూసింది. నీ చెయ్యీ సరిగ్గానే కాలింది."

తండ్రి వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు. పెద్ద పవర్ సప్లై పెట్టి, మధ్యమధ్యలో లావు తీగలతో కరెంటు అందించి, ఒక్కో తీగకూ ఫ్యూజు బిగించింది కూతురు.

"ఈసారి ఇంజను వేడెక్కదుగా?"

"సగం జోరు మీదే నడుస్తుంది నాన్నా."

తల్లిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె వరండా వైపు తల తిప్పి నవ్వింది.

"ఇప్పుడు బాగుందే. ఆ చివరిదాకా పాలలా తెల్లగా ఉంది."

స్విచ్చి మీద కూతురి వేలు అలాగే ఉండిపోయింది. ఇంకా నొక్కలేదు.

తండ్రి వచ్చి ఆ వేలి మీద తన వేలు ఆనించాడు. ఇద్దరూ కలిసి నొక్కారు. ఇల్లంతా తెల్లబడింది.

"అవునే," అన్నాడాయన, "పాలలాగే ఉంది."