కర్పూరం మచ్చ

గుద్దింది హనుమయ్యే అయితే, సొంత తువ్వాలు తన మొగుడి తలకు కట్టి ఆసుపత్రికి ఎందుకు మోసుకెళ్లాడు? తొమ్మిదేళ్లుగా రాజ్యలక్ష్మిని ఈ అనుమానం వదల్లేదు. కసి అంతకంటే పెద్దది కాబట్టి దాన్నెప్పుడూ పైకి రానివ్వలేదు.

ఆ ఉదయం దీపం పెట్టి, అమ్మవారి పటం ముందున్న కర్పూరం బిళ్ల తీసి కొంగున ముడేసుకుంది. విజయవాడలో ఒక లాయరు దగ్గర జూనియర్‌గా చేస్తున్న కొడుకు సిద్ధార్థ కాఫీ తాగుతూ చూశాడు.

"అదెందుకమ్మా?"

"హనుమయ్యను రమ్మన్నాను. మళ్లీ ప్రమాణం చేయిస్తాను. చెయ్యనంటే గురువారం వాళ్ల అమ్మాయి భానుశ్రీ పెళ్లి పందిట్లో నిలబడి, మీ వియ్యంకుడు నా మొగుణ్ణి ట్రాక్టరుతో గుద్ది చంపాడని మగపెళ్లివారితో చెబుతాను."

"కోర్టు కొట్టేసింది. అప్పీలూ పోయింది. ఒకే నేరానికి మనిషిని రెండుసార్లు బోనెక్కించరమ్మా."

"మీ కోర్టుకు ఓపిక లేదు. నాకుంది."

"ఆ తర్వాత గుళ్లో అతనిచేత కర్పూరం ఆర్పించావుగా. ఇది నాలుగో విచారణ. చచ్చేదాకా వాయిదాలేనా?"

కర్పూరం ఆర్పి అబద్ధమాడిన ఇల్లు నిలవదంటారు. హనుమయ్య ఇల్లు ఎప్పుడు కూలుతుందా అని ఆమె ఇన్నేళ్లూ కాచుకుని ఉంది. తీరా ఆ ఇంట్లో పెళ్లి బాజాలు మోగబోతున్నాయి.

ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలే హనుమయ్య వరసకు మరిది. అన్న దారిలో దెబ్బ తగిలి పడి ఉంటే చూసి ఎత్తుకొచ్చానని మొదటి రోజు నుంచీ అతనిది ఒకటే మాట. వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వెలిగించు వదినా, ఆర్పుతాను. పెళ్లిపిల్లను మాత్రం అల్లరి పెట్టకు."

పళ్లెంలో కర్పూరం వెలిగింది. అతను చెయ్యి చాచాడు. అరచేతిలో పాత మచ్చ నల్లగా ఉంది.

"ఒక్కమాట చెప్పు. అప్పుడు అమ్మవారు విన్నదా, లేదా?"

ఆమె పళ్లెం ముందుకు జరిపింది.

"వింటే మళ్లీ ఇదెందుకు? వినకపోతే రోజూ ఆ దీపం ఎవరికి పెడుతున్నావు?"

అతని చెయ్యి మంట మీదికి దిగుతోంది. అనుమానాన్ని ఇన్నేళ్లూ దాచింది తనేనని తట్టి, రాజ్యలక్ష్మి దాన్ని తోసేసి తన అరచెయ్యే అక్కడ పెట్టింది. చురుక్కుమంది. తొమ్మిదేళ్ల ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఆ రోజు తువ్వాలెందుకు కట్టావు?"

"రక్తం ఆగాలని. ఇంకెందుకు కడతారు వదినా?"

సాక్ష్యానికి పనికొస్తుందని ట్రంకుపెట్టె అడుగున దాచిన ఎర్రగళ్ల తువ్వాలును ఆ మధ్యాహ్నం బయటికి తీసింది. కాలిన చేత్తోనే నాలుగుసార్లు ఉతికి ఆరేసింది.

గురువారం పందిట్లోకి ఆమె వస్తుంటే హనుమయ్య మొహం పాలిపోయింది. ఆమె నేరుగా వచ్చి మడతపెట్టిన గుడ్డ అతని చేతిలో పెట్టింది.

"నీ తువ్వాలు. అప్పుడే ఇవ్వాల్సింది. మరక పూర్తిగా పోలేదు."

"పర్లేదు వదినా" అంటూ అతను దాన్ని కొత్త చొక్కా మీదే భుజాన వేసుకున్నాడు.