రెండో బ్రేకు

"అలా కసురుతూ కూర్చుంటే ఎవరికి మాత్రం చేతులు వణకవండీ? కోడల్ని కారు నేర్చుకోవడానికి ఇంకెవరి దగ్గరికైనా పంపండి," అంటోంది మాస్టారి భార్య, పళ్లేలు తెచ్చి బల్ల మీద పెడుతూ.

"ఇరవై రెండేళ్ల సర్వీసున్న గురువుని ఇంట్లో పెట్టుకుని వీధిలో వెతకాలా? నలుగురూ నవ్విపోతారు," అన్నాడాయన.

"నలుగురి సంగతి తర్వాత. ముందు పిల్ల ఏడుస్తోంది."

"ఏడవట్లేదత్తయ్యా, ఉల్లిపాయలు," అంది కోడలు వంటింట్లోంచి. గొంతు మాత్రం ఉల్లిపాయల గొంతులా లేదు.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఆ చుట్టుపక్కల కారు నడిపేవాళ్లలో సగంమంది తన చేతి కింద తయారైనవాళ్లేనని ఆయన లెక్క. అలాంటిది సొంత కోడలు రెండుసార్లు పరీక్ష తప్పింది. ఆమె నర్సు. ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లకు సేవ చేసే కొత్త ఉద్యోగం చేతికందింది. నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే అది మరొకరికి పోతుంది. ఈరోజు మూడో పరీక్ష.

పరీక్షకు వెళ్లడానికి స్కూలు కారెక్కగానే ఆమె అడిగింది, "ఇవాళ ముఖ్యంగా ఏం సరిచూసుకోమంటారు మావయ్యా?"

రోజూ అడిగే ప్రశ్నే. ఆయనా రోజూ చెప్పే జవాబే చెప్పాడు. "నడపడం. ఇంకేముంటుంది?"

ఆఫీసువాళ్లు ఆమెకిచ్చిన పరీక్ష బండి మలుపులన్నీ చక్కగా తిరిగింది. ఆగాల్సిన తెల్లగీత దగ్గర మాత్రం రెండడుగులు ముందుకు జారి, అప్పుడు ఆగింది. మూడు పరీక్షల్లోనూ తప్పింది అదే చోట. పరీక్షాధికారి కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టి ఇచ్చేశాడు.

"అంత లావు గీత కనపడదా నీకు? రోగులకి సూది కూడా ఇలాగే గుచ్చుతావా?" అన్నాడు మాస్టారు, వరసలో నిలబడ్డవాళ్లందరి ముందూ. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె తలెత్తలేదు.

తిరుగుదారిలో స్కూలు కారు ఆమే నడిపింది. కూడలిలో ఎర్రదీపం పడింది. బండి మెత్తగా ఆగింది.

"మావయ్యా, ఒక్కసారి మీ కాలు చూసుకోండి," అంది.

ఆయన కిందికి చూశాడు. మాస్టారి సీటు ముందుండే రెండో బ్రేకు మీద ఆయన కుడికాలు నిండుగా దిగి ఉంది. అది అక్కడికి ఎప్పుడు వెళ్లిందో ఆయనకే తెలియదు.

"నేను తొక్కేలోపే బండి ఆగిపోతుంది. ఎంత ముందుగా తొక్కాలో, ఎంత గట్టిగా తొక్కాలో నాకు ఇప్పటికీ తెలీదు. పరీక్ష బండిలో మీరుండరు కదా."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పాను. నోరు మూసుకుని రోడ్డు చూడమన్నారు."

నిజమే, అలాగే అన్నాడు. గుర్తుంది. వెనక హారన్లు మోగుతుంటే ఆయనకు ఇంకెందరో గుర్తొచ్చారు. మొద్దులని తాను పేరుపెట్టి పంపేసినవాళ్లు, సగంలో మానేసి మళ్లీ స్టీరింగు జోలికి పోనివాళ్లు. వాళ్ల పక్కన కూడా ఈ కాలే కదా ఉన్నది!

భోజనాల వేళకి ఇంట్లో అందరికీ ఫలితం తెలిసిపోయింది. ముఖాలే చెప్పాయి. కొడుకు, భార్యను ఓదారుస్తున్నాననుకుని, "పోనీలేవోయ్. కొందరికి ఎంత నేర్పినా రాదని నాన్న మొదటే చెప్పాడుగా," అన్నాడు.

తన మాటే కొడుకు నోట వినేసరికి మాస్టారు చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. కోడలు ఇప్పుడు నిజం చెప్పేస్తుందని ఎదురుచూశాడు. ఆమె లేచి ఆయన గ్లాసులో నీళ్లు పోసి, తన పళ్లెం ముందు కూర్చుంది. చెప్పేసి ఉంటే ఆయనకు ఇంత సిగ్గుండేది కాదు.

"తనకి రాకపోవడం కాదురా. నేను నేర్పలేదు," అన్నాడు. కాలి సంగతి దాచకుండా చెప్పాడు. పరీక్ష దగ్గర అందరి ముందూ తానన్న మాట కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు కోడలి వైపు చూడలేకపోయాడు.

"నోరెలా వచ్చిందండీ ఆ మాటకి?" అంది భార్య.

ఆయన తగ్గిన గొంతుతో కోడలితో అన్నాడు, "నెలాఖరులోపు ఇంకొక్క పరీక్ష ఉంది. రేపట్నుంచి ఖాళీ మైదానంలో ఒకటే పాఠం, గీత దగ్గర ఆపడం. పదికి పదిసార్లూ ఆగాకే రెండో పాఠం. ఏ రోజు ఏం నేర్చుకోవాలో బండెక్కకముందే నేను చెబుతానమ్మా. ఆ సీట్లో కాళ్లు మడిచి, మఠం వేసుకుని కూర్చుంటాను."